బిగుసుకున్న కప్లర్: లాగితే రాదు, ముందు నెట్టాలి



ఈసారి గోడపత్రికకు అందరూ కథలు, పొడుపుకథలు, సూక్తులు ఇచ్చారు. నేను ఒక పని గురించి రాస్తున్నాను. కారులో, జీపులో వైర్లను ఒకదానికొకటి కలిపే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. పుస్తకంలో దాన్ని కనెక్టర్ అంటారు. షెడ్డులో మాత్రం అందరూ కప్లర్ అనే అంటారు. అది బిగుసుకుపోయి ఊడి రాకపోతే ఏం చెయ్యాలి అనేదే ఈ వ్యాసం.

"మనకెందుకే ఇది? మనకేమైనా కార్లున్నాయా?" అని మా గదిలో వాళ్ళు నవ్వారు. ఎందుకో ముందు చెప్తాను. తర్వాత నవ్వండి.

ఆ రాత్రి జరిగినది

మాది బుట్టాయగూడెం దాటిన తర్వాత కొండ పక్క ఊరు. పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా పిన్నికి నొప్పులు వచ్చాయి. 108 బండి మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది గానీ, దానికి ఫోన్ చెయ్యాలంటే మా ఊళ్ళో సిగ్నల్ ఉండాలి కదా. ఆ రాత్రి లేదు. ఊళ్ళో ఒక పాత జీపు ఉంది. దాంట్లో పిన్నిని ఎక్కించారు. మా అమ్మ, నేను కూడా ఎక్కాం.

జీపుకి ఒక పక్క లైటు ముందునుంచే ఆరుతూ వెలుగుతూ ఉండేది. సగం దారిలో అది పూర్తిగా ఆరిపోయింది. రెండో లైటు బాగానే ఉంది. అయినా మా బాబాయి దిగి, ఆరిన లైటు వెనక కప్లర్ ఊడదీద్దామని వైరు పట్టుకుని గట్టిగా లాగాడు. కప్లర్ రాలేదు. వైరు తెగి చేతికొచ్చింది. ఆ తెగిన రాగి తీగ జీపు రేకుకి తగిలి చిటుక్కుమంది. ఫ్యూజు పోయింది. మా జీపులో రెండు లైట్లకీ ఒకటే ఫ్యూజు. అందుచేత బాగున్న లైటు కూడా ఆరిపోయింది.

ఒక్క లైటుతో మెల్లగా వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. బాబాయి, ఇంకొకాయన టార్చిలైటు పట్టుకుని ముందు నడిచారు. వాళ్ళ వెనకాల జీపు నడక వేగంతో వచ్చింది. లోపల పిన్ని అరుస్తోంది. వాగు దగ్గర నీళ్ళు ఎంత లోతో కూడా కనపడలేదు. ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారుతోంది. పిన్ని, పాప ఇద్దరూ బాగున్నారు. కానీ బాబాయి ఇప్పటికీ ఆ మాట ఎత్తితే తల దించుకుంటాడు. ఆయన తప్పు చెయ్యాలని చెయ్యలేదు. ఆ ముక్క ఎలా ఊడుతుందో ఆయనకి తెలియదు, అంతే.

తణుకులో నేర్చుకున్నది

మా అమ్మ తమ్ముడు, మా మామ, తణుకులో కార్ల షెడ్డులో పని చేస్తాడు. దసరా సెలవులకి నేను, అమ్మ అక్కడికి వెళ్ళాం. జంగారెడ్డిగూడెంలో ఒక బస్సు, తాడేపల్లిగూడెంలో ఇంకొక బస్సు. తణుకు నన్నయ గారి ఊరని చెప్తారు. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్ర ప్రసాద్ గారు మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ ఉన్నది కూడా అక్కడే. చెన్నై నుంచి కలకత్తా వెళ్ళే పెద్ద రోడ్డు ఆ ఊరి మీదుగానే పోతుంది. ముందు ఆ రోడ్డుని 5వ నంబరు అనేవారు, ఇప్పుడు 16వ నంబరు. మామ పనిచేసే షెడ్డు ఆ రోడ్డు పక్కనే.

నేను జీపు సంగతి చెప్తే మామ ఏమీ అనలేదు. తుక్కు డబ్బాలోంచి ఒక పాత కప్లర్ తీసి నా చేతిలో పెట్టి, "ఊడదియ్యి" అన్నాడు. నేను కూడా మొదట వైరు పట్టుకునే లాగాను. మామ నవ్వి, "మీ బాబాయి చేసిందీ ఇదే" అన్నాడు.

కప్లర్ లోపల ఏముంటుంది?

కప్లర్ రెండు ముక్కలు. ఒక ముక్కలో ఇత్తడి లాంటి లోహపు పిన్నులు పొడుచుకుని ఉంటాయి. రెండో ముక్కలో అవి దూరే గూళ్ళు ఉంటాయి. నీళ్ళు పోకుండా మధ్యలో రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని సీలు అంటారు. పైన ఒక ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అదే లాకు. రెండు ముక్కలూ కలిసినప్పుడు ఆ నాలుక ఒక చిన్న గట్టు మీదికి ఎక్కి అవతల పడుతుంది. అప్పుడు "టిక్" అని వినపడుతుంది. ఆ నాలుక లేవకుండా ఏనుగు లాగినా రాదు. వస్తే విరిగి వస్తుంది.

ఎందుకు బిగుసుకుంటుంది?

1. మట్టి, ఇసుక: నాలుక కింద బురద చేరి ఎండిపోతే నాలుక కదలడానికి చోటు ఉండదు. చేలగట్ల మీద తిరిగే బండ్లకి ఇది ఎక్కువ.

2. వేడి: ఇంజను పక్కన ఉండే ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కాగి కాగి అప్పడంలా పెళుసు అవుతుంది. రబ్బరు సీలు కూడా అంటుకుపోతుంది.

3. చిలుము: రాగి బిందె తోమకపోతే ఆకుపచ్చగా పట్టేదే చిలుము. పిన్నుల్లో కూడా రాగి ఉంటుంది కనుక తడి, గాలి తగిలితే వాటికీ పడుతుంది. అమెరికాలో 1886లో నిలబెట్టిన స్వేచ్ఛా విగ్రహం పైన ఉన్నది రాగి రేకే. అది ఆకుపచ్చగా కనపడేది కూడా ఇందువల్లనే. ఉప్పునీరు తగిలితే చిలుము మరీ తొందరగా వస్తుంది. భీమవరం వైపు నుంచి రొయ్యలు తెచ్చే వ్యాన్లలో ఐసు నీళ్ళు కారి, కప్లర్ తీసి చూస్తే పచ్చగా ఉంటుంది. అది నేను కళ్ళతో చూశాను.

4. కరగడం: ఇది పదో తరగతి అక్కలు లెక్క వేసి చెప్పారు. కారు బ్యాటరీ 12 వోల్టులు. పెద్ద లైటు బల్బు 60 వాట్లు అనుకోండి. 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్ల కరెంటు. చిలుము వల్ల పిన్ను దగ్గర 0.2 ఓము నిరోధం వచ్చిందనుకోండి. అక్కడ పుట్టే వేడి 5 × 5 × 0.2, అంటే సుమారు 5 వాట్లు. బొటనవేలంత ముక్కలో అంత వేడి ఆగకుండా పుడితే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నుకి అతుక్కుంటుంది. లైటు కూడా మసకబారుతుంది. మా జీపు లైటు ఆరుతూ వెలగడం అంటే అది ముందే మనకి చెప్పడం. మేము వినలేదు.

పని మొదలుపెట్టే ముందు

తాళంచెవి తిప్పి ఆపేసి, బయటికి తీసెయ్యాలి. ఇంజను చల్లారనివ్వాలి. తర్వాత బ్యాటరీకి మైనస్ గుర్తు ఉన్న వైరుని, అంటే ఎర్తుని, పానాతో విప్పి పక్కకి పెట్టాలి. ముందు మైనసే ఎందుకు? కారు ఒళ్ళంతా, అంటే రేకంతా, మైనస్ కి కలిసి ఉంటుంది. మనం ముందు ప్లస్ విప్పుతూ ఉంటే పానా రేకుకి తగలొచ్చు. తగిలితే పెద్ద నిప్పురవ్వ. ముందే మైనస్ తీసేస్తే ఆ భయం ఉండదు. బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి.

రెండు రంగులు గుర్తుపెట్టుకోండి. పసుపు రంగు కప్లర్ సాధారణంగా ఎయిర్ బ్యాగుది. దానికి తేడా జరిగితే బ్యాగు మొహం మీద పేలుతుంది. నారింజ రంగు లావు వైర్లు బ్యాటరీతో నడిచే కార్లలో ఉంటాయి. వాటిలో వందల వోల్టులు ఉంటాయి. ఈ రెండూ మామ కూడా ముట్టుకోడు. ఆ చదువు చదివిన మేస్త్రీ గారే చూస్తారు.

ఊడదీసే పద్ధతి

1. ముందు చూడాలి. లాకు పైన ఉందా, కింద ఉందా, పక్కన ఉందా? వెనకాల ఉంటే కనపడదు. అప్పుడు చిన్న అద్దం పెట్టి, టార్చి వేసి చూడాలి. కొన్ని నాలుకలు నొక్కాలి, కొన్ని పైకి ఎత్తాలి. ఎత్తాల్సినదాన్ని నొక్కితే అది ఎప్పటికీ రాదు. కొన్నిటికి ఇనప తీగ క్లిప్పు ఉంటుంది. కొన్నిటికి ఎర్రగానో తెల్లగానో రెండో లాకు ఉంటుంది, ముందు దాన్ని జరపాలి. పెద్ద కప్లర్లకి చిన్న చెయ్యి లాంటి లీవరు ఉంటుంది, దాన్ని తిప్పితే అదే బయటికి తోస్తుంది.

2. తుడవాలి. పాత పళ్ళ బ్రష్షుతో నాలుక చుట్టూ మట్టి గీకాలి. గాలి కొట్టాలి. షెడ్డులో గాలి మిషను ఉంది. లేకపోతే సైకిల్ పంపు చాలు. మామ చెప్పినదాన్ని బట్టి రాని కప్లర్లు చాలావరకు ఇక్కడే వచ్చేస్తాయి.

3. నెట్టాలి. ఇదే అసలు కిటుకు. ఊడదియ్యాలి అంటే మన బుద్ధి లాగమంటుంది. కానీ లాగుతూ ఉంటే నాలుక ఆ గట్టుకి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకని ముందు రెండు ముక్కల్నీ దగ్గరకి, లోపలికి నెట్టాలి. నాలుక మీద బరువు తగ్గుతుంది. తలుపు గడియ బిగుసుకుంటే మనం తలుపుని ముందుకి తోసి గడియ తీస్తాం చూడండి, అదే పని.

4. నొక్కాలి. నెట్టి పట్టుకునే నాలుకని వేలితో నొక్కాలి. వేలు పట్టకపోతే సన్నటి స్క్రూడ్రైవర్. మామ సైకిల్ చక్రం చువ్వని కొస దగ్గర వంచి, అరగదీసి ఒక కొక్కెం చేసుకున్నాడు. ఎత్తే రకం నాలుకకి అది బాగుంటుంది.

5. అప్పుడు లాగాలి. ప్లాస్టిక్ ముక్కనే పట్టుకోవాలి, వైరుని కాదు. కొంచెం కొంచెం కుడికీ ఎడమకీ ఊపుతూ రావాలి. మెలి తిప్పకూడదు, పిన్నులు వంగుతాయి.

ఇంకా రాకపోతే చీకటి పడేదాకా కుస్తీ పట్టకూడదు. బండిని ఎండలో కాసేపు పెట్టాలి. ప్లాస్టిక్ చల్లగా ఉంటే విరుగుతుంది, గోరువెచ్చగా ఉంటే వంగుతుంది. తర్వాత సిలికాన్ స్ప్రే కొంచెం సీలు దగ్గర కొట్టి పది నిమిషాలు ఆగాలి. మళ్ళీ నెట్టు, నొక్కు, లాగు.

చెయ్యకూడనివి

పెట్రోలు పొయ్యకూడదు, ఒక్క నిప్పురవ్వ చాలు. కిరసనాయిలు, ఇంజను ఆయిలు వెయ్యకూడదు, వాటికి రబ్బరు సీలు ఉబ్బుతుంది. సుత్తితో కొట్టకూడదు. వైరు పట్టుకుని లాగకూడదు. ఈ చివరిది పది సార్లు రాయాలనిపిస్తోంది గానీ చోటు లేదు.

డబ్బా మీద రాత

ఊడిన తర్వాత లోపల శుభ్రం చెయ్యాలి. దానికి కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే డబ్బా ఉంటుంది. షెడ్డులో డబ్ల్యూడీ-40 అనే నీలం డబ్బా కూడా ఉంది. దాన్ని 1953లో అమెరికాలో రాకెట్లకి తుప్పు పట్టకుండా తయారుచేశారు. 39 సార్లు కుదరలేదట, 40వసారి కుదిరింది, అందుకే ఆ పేరు. లెక్కల్లో ఒకసారి తప్పితే ఏడ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. దాంతో పైన మట్టి, తుప్పు వదులుతాయి. లోపల పిన్నులకి మాత్రం కాంటాక్ట్ క్లీనరే మంచిది, ఎందుకంటే అది జిడ్డు మిగల్చకుండా ఆరిపోతుంది.

మా మామ ఐదో తరగతితో బడి మానేశాడు. ఇంగ్లీషు చదవలేడు. ఒకరోజు ఇంజను వేడిగా ఉండగానే ఆ స్ప్రే కొట్టబోయాడు. నేను డబ్బా మీద చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఇది మండుతుంది, వేడికి, నిప్పుకి దూరంగా ఉంచండి అని ఉంది. "మామా, ఆగు" అన్నాను. మామ ఆగాడు. ఎన్నేళ్ళ నుంచో అలాగే కొడుతున్నాడట. "ఎప్పుడూ ఏమీ కాలేదు" అన్నాడు మొదట. కాసేపటికి షెడ్డులో ఉన్న డబ్బాలన్నీ తెచ్చి నా ముందు వరసగా పెట్టాడు. "అన్నీ చదివి చెప్పు" అన్నాడు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నా చదువు ఇంకొకరికి పనికి రావడం నేను చూడటం కూడా అదే మొదలు.

నేను చేసిన తప్పు

అన్నీ నేర్చేసుకున్నానని అనుకున్నాను. నాలుగో రోజు ఎవరూ చూడకుండా ఒక కారు ముందు లైటు కప్లర్ నేనే తియ్యబోయాను. నెట్టడం మర్చిపోయి స్క్రూడ్రైవర్ తో నాలుకని పెకిలించాను. టప్ మని విరిగింది. అది పాత తుక్కు ముక్క కాదు, డబ్బులిచ్చే ఆసామి కారు.

చెప్పకపోతే మామే విరగ్గొట్టాడనుకుంటారు, ఆయన జీతంలో కోస్తారు. చెప్తే నన్ను షెడ్డులోకి రానివ్వరు. కాసేపు గోడ పక్కన నిలబడ్డాను. తర్వాత వెళ్ళి మేస్త్రీ గారికి నేనే చెప్పాను. అక్కడున్న ఒకాయన "ఆడపిల్లకి ఈ గ్రీజు పనులెందుకండీ" అన్నాడు. మేస్త్రీ గారు ఆయనకి జవాబు చెప్పలేదు. నాతో, "ఆయ్, విరిగిందా? మేం విరగ్గొట్టినవి లెక్కేస్తే బస్తాడు ఉంటాయమ్మా. ఈసారి లాగమాకు, ముందు నెట్టు. కారాయనకి మాత్రం నువ్వే చెప్పాల" అన్నారు. కారాయన వచ్చాక చెప్పాను. మామ పాత కప్లర్ లోంచి మంచి ముక్క తీసి వేశాడు. ముక్క దొరకనప్పుడు ప్లాస్టిక్ ట్యాగు చుట్టూ బిగించి కడతారు. అది తాత్కాలికమే.

మళ్ళీ బిగించడం

పిన్నులు వంగాయా అని చూడాలి. చిలుముని మెత్తని బ్రష్షుతో, క్లీనర్ తో తియ్యాలి. గరుకు కాగితంతో గట్టిగా రుద్దితే పైనున్న తగరపు పూత పోయి ఇంకా తొందరగా చిలుము పడుతుంది. పూర్తిగా ఆరనివ్వాలి. సీలుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. గూళ్ళు సరిచూసుకుని నెట్టాలి. "టిక్" వినపడాలి. వినపడకపోతే పడనట్టే. తర్వాత ప్లాస్టిక్ పట్టుకుని మెల్లగా ఒకసారి లాగి చూడాలి. అన్నీ అయ్యాక చివరగా బ్యాటరీ మైనస్ వైరు బిగించాలి.

స్నేహితులారా, దీన్ని చదివి ఎవరూ సొంతంగా బండ్ల మీద పడొద్దు. పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోండి. పాత ముక్కల మీద చెయ్యి తిప్పండి. మన హాస్టల్ ఇన్వర్టర్ బ్యాటరీ మీద తెల్లగా పొడిలా పట్టింది, చూశారా? అది యాసిడ్ వల్ల వచ్చేది. వంట సోడా కలిపిన నీళ్ళతో పెద్దవాళ్ళు జాగ్రత్తగా కడిగితే పోతుంది. పిల్లలం ముట్టుకోకూడదు. పరీక్షలప్పుడు రాత్రి కరెంటు పోకముందే ఎవరినైనా పిలిపించమని వార్డెన్ మేడమ్ గారిని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను.

దసరా అయ్యాక ఊరెళ్ళినప్పుడు మా బాబాయిని జీపు దగ్గరకి తీసుకెళ్ళాను. రెండో పక్క లైటు కప్లర్ చూపించి, "నెట్టు, నొక్కు, అప్పుడు లాగు" అన్నాను. మొదటిసారి రాలేదు. మట్టి గీకాం. రెండోసారి చేతిలోకి మెత్తగా వచ్చేసింది. బాబాయి దాన్ని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. అలా నాలుగు సార్లు చేశాడు. ఏమీ మాట్లాడలేదు. నాకు మాత్రం చాలా సంతోషం వేసింది.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి